కాలరు లోపలి అడ్రసు

సంచి సర్దడం ఆమెకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. బరువుది అడుక్కి, మెత్తనిది పైకి, చప్పున చేతికి అందాల్సింది పక్క జేబులోకి. బతుకులో చాలామందికి సంచులు సర్దింది. ఫలానాది పెట్టడం మరిచిపోయావని వాళ్ళలో ఎవరూ ఉత్తరం రాయలేదు, అసలు ఉత్తరాలు రాసిందే తక్కువ. ముందు నీళ్ళ సీసా, మూత రెండుసార్లు తిప్పి చూసుకొని. తర్వాత రక్తపోటు మాత్రలు, చిన్న కత్తెర, ప్లాస్టిక్ డబ్బాలో సూదులు, ఆ పైన నలభై చేతిపట్టీలు, పదేసి చొప్పున దారంతో కట్టిన నాలుగు కట్టలు. గోడ గడియారం మూడూ ఐదు. నాలుగింటికి కూతురు కారు తీసుకొని వస్తుంది. పొయ్యి ఆపిందో లేదో ఒకసారి చూసొచ్చింది, కూర్చుంది, మళ్ళీ లేచి వెళ్ళి చూసొచ్చింది. ఆపే ఉంది. ఆపిన పొయ్యిని మళ్ళీ ఆపడానికి పోయే ముసలిదాన్ని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది, నవ్వనీ. బల్ల మీద ఇంకొకటి మిగిలింది. అరచేతిలో ఇమిడే రేకు డబ్బా, మూత అంచున తుప్పు. పొద్దుటినుంచి దాన్ని మూడుసార్లు సంచిలో పెట్టింది, మూడుసార్లు బయటికి తీసింది. పైన సూదుల బొమ్మ ఉంది గానీ అందులో సూదుల్లేవు.

ఇవాళ గ్రంథాలయం మేడ మీద గదిలో అమ్మల సభ. ఏటా జరిగేదే. తల్లులను వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి తలా ఒక పువ్వు ఇస్తారు, ఎవరో ఒకరు తమ అమ్మ గురించి మాట్లాడతారు, అందరూ ముక్కులు చీది టీ తాగి ఇళ్ళకు పోతారు. ఈసారి దానికి అమ్మమ్మల భద్రత అని ఒక తోక తగిలించారు. కారణం లేకపోలేదు. పోయిన నెల మందుల షాపు మలుపులో ఎవడో ఒక పెద్దావిడ చేతిసంచి లాక్కుపోయాడు, పట్టీ మణికట్టుకు చుట్టుకొని ఉండడంతో ఆవిడా సంచితో పాటు నాలుగడుగులు పోయింది, తుంటి ఎముక విరిగింది. సంచి పోతే పోనివ్వాలి, మనిషి మిగలాలి, ఇది కూడా నేర్పాల్సిన విద్యేనని గ్రంథాలయం మేడమ్ తేల్చింది. నేర్పేది ఎవరు? ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు, అంటే తన కూతురు. పట్టుకున్నవాడి చెయ్యి ఎలా విడిపించుకోవాలి, ఎలా అరవాలి, ఎటు పరిగెత్తాలి. పరిగెత్తడమట, మోకాళ్ళు విని నవ్వుకున్నాయి. ఇంకా ప్రతి అమ్మమ్మ చేతికీ ఒక గుడ్డపట్టీ, లోపలి వైపు పేరు, అడ్రసు, ఫోను నంబరు, దారంతో కుట్టి, ఉతికినా పోకుండా. కుట్టేది ఎవరన్నప్పుడు, ఏర్పాట్లకు చేరినవాళ్ళంతా తలతిప్పి ఆమెను చూశారు. ఆమె తలూపింది.

నలభై పట్టీలకు నలభై గడపలు ఎక్కి దిగింది. కాగితం మీద రాసిస్తామంటే ఒప్పుకోలేదు. తలుపు పక్కన ఉన్న అడ్రసు పలకను కళ్ళజోడు సర్దుకొని తనే చదివి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చూసి, అక్కడే నిలబడి రాసుకుంది. బేకరీ ఆవిడ నడుం మీద చేతులు వేసుకొని అంది కదా, మా అడ్రసు మాకు తెలీదనుకున్నావా వదినా? తెలుసు, అయినా ఒకసారి తలుపు చూపించు. పెళ్ళయి వచ్చిందగ్గర్నుంచి ఈ కొంపలోనే పడున్నానమ్మా, ఇల్లేమన్నా కాళ్ళొచ్చి నడిచిపోయిందా? పోకపోతే మంచిదే, చూపించు. ఆవిడ చూపించింది, చూపిస్తూ, నేను తప్పిపోతే మాత్రం మరీ అంత తొందరగా పట్టుకొచ్చి అప్పజెప్పకండే, రెండు రోజులు హాయిగా తిరగనివ్వండి, ఆయన వంట ఆయనే చేసుకొని చస్తాడు, అని పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే పలక మీది అక్షరాలు మళ్ళీ మొదట్నుంచి చూసుకుంది. రెండు రోజులు ఎంత పొడుగో బేకరీ ఆవిడకు తెలీదు. తెలియకుండా ఉండడమే మంచిది.

పోయిన ఆదివారం కూతురు ఈ గదిలోనే ఆమె చేత సాధన చేయించింది. అమ్మా, నేను దొంగను, నీ చెయ్యి పట్టుకున్నాను, నువ్వు నా బొటనవేలి వైపు తిప్పి లాగాలి, అటు కాదు, బొటనవేలి వైపు. లాగితే నీకు నొప్పేమో అమ్మాయ్. దొంగకు నొప్పి పుట్టాలనే కదమ్మా! సరే, ఇప్పుడు అరువు, ఆలోచించకు, నోటికి ఏది వస్తే అది, గట్టిగా. ఆమె నోరు తెరిచింది, గాలి వచ్చింది. ఇంకోసారి, ఇది పిల్లికూన అరుపు. ఆపదలో ఉన్నావు, వాడు నిన్ను చీకట్లోకి లాగుతున్నాడు, అరువు! అప్పుడు వచ్చింది అరుపు, కిటికీ అద్దాలు దద్దరిల్లేలా, ఎక్కడ దాక్కుందో ఇన్నేళ్ళూ. అన్నయ్యా! కూతురు చెయ్యి వదిలేసింది. తర్వాత నవ్వింది. ఎవరైనా అమ్మా అని అరుస్తారు గానీ నువ్వేంటమ్మా అన్నయ్యా అంటావు, ఆ మావయ్య ఉన్నప్పుడు మాత్రం ఏం కాపాడాడు, గడియ కూడా వేయలేదుగా. పాపం దానిది తప్పేముంది, దానికప్పుడు ఆరేళ్ళు. ఆరేళ్ళ పిల్లకు ఇంట్లో ఏ కథ చెబితే అదే నిజం. ఆ కథ చెప్పింది ఎవరు? నోరు విప్పి ఎవరూ చెప్పలేదు. ఊరు చెప్పింది, ఆమె ఊరుకుంది.

అన్నయ్య తాళాల పని చేసేవాడు. చిన్న తోపుడుబండి, దాని మీద ఆకురాళ్ళ వరస, నూనె బుడ్డి, వందల తాళంచెవులు గుత్తులుగా, నడిస్తే వాడికంటే ముందు చప్పుడొచ్చేది. అమ్మ చదివించింది వాడినొక్కణ్ణే. హాస్టలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి ఇద్దరు పిల్లల్ని సాకిన మనిషి, ఇద్దర్నీ బడికి పంపే ఓపిక లేక, వాడు చదివితే నీకూ చదివి పెడతాడులేవే, ఒక ఇంటికి ఒక దీపం చాలదా, అంది. ఆ మాటలో అమ్మకు కల్మషం లేదు. అమ్మ చేతికి ఆవిరి కాలిన మచ్చలు, మణికట్టు నుంచి మోచేతి దాకా, ఒక్కోదాన్నీ చూపించి ఇది మీ అన్న జ్వరం రోజుది, ఇది నీకు మొదటి పన్ను వచ్చిన రోజుది అని లెక్క చెప్పేది. రోడ్డు దాటేటప్పుడు ఆ చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకునేది, వేళ్ళు కాదు, మణికట్టు. వేళ్ళు జారతాయే, ఎముక జారదు అనేది. సభలో అమ్మ గురించి మాట్లాడమంటే ఇదే చెప్పాలని ఆమెకు ఉంది. నాకు ముప్పై ఏళ్ళు వచ్చాక కూడా రోడ్డు దాటేటప్పుడు మా అమ్మ నా మణికట్టు పట్టుకునేది, అని. ఆ తర్వాత పట్టుకోవాల్సిన వంతు తమది అయింది. అమ్మకు మతి సడలింది. పొద్దున పది కొట్టేసరికి సంచి సర్దుకునేది, ఒక చెంచా, ఇస్త్రీపెట్టె పట్టుకునే మసిగుడ్డ, ఒంటి మేజోడు, సర్దుకొని గుమ్మంలో నిలబడి, డ్యూటీకి పోయొస్తా అనేది. కన్న కూతురినే ఎగాదిగా చూసి, టైలరమ్మా, మా అమ్మాయి ఇంకా రాలేదు, మీరేమన్నా చూశారా? అని అడిగేది. వస్తుందిలేండి, అని టైలరమ్మ జవాబు చెప్పేది, చెప్పి మిషను తొక్కేది, చప్పుడు ఎక్కువగా వచ్చేలా.

అందుకే అన్నయ్య తలుపుకు పైన, అమ్మ చెయ్యి అందనంత ఎత్తున ఒక గడియ బిగించాడు. అందుకే ఆమె అమ్మ కోటు కాలరు లోపల అడ్రసు పట్టీ కుట్టింది. వాడు తలుపు చూసుకోవాలి, తను పట్టీ చూసుకోవాలి. పని పంచుకున్నారు. మొదటి పట్టీకి అన్నయ్య పెన్సిలుతో అడ్రసు రాసిచ్చాడు, దాని మీద ఆమె నీలం దారం వేసింది. మరుసటి చలికాలానికి ఆ కోటు మోచేతుల దగ్గర చిరిగిపోతే కొత్తది కుట్టింది, బూడిదరంగు ఉన్ని, రెండు పొరల అస్తరు, ఆమె చేతి పనిలో అంత మంచిది మళ్ళీ రాలేదు. పాత కోటు పక్కన పరుచుకొని, పాత పట్టీ చూసి కొత్త పట్టీ కుట్టింది. యూనిఫారాలు కుట్టే షాపులో మేస్త్రీ నేర్పిన పద్ధతి అదే. డాక్టర్ల కోట్ల మీద పేర్లు కుట్టేవాళ్ళు పదిమంది ఆడవాళ్ళు, అందులో చదువొచ్చినది ఒక్కతే, తప్పులు చేసేదీ ఆ ఒక్కతే. చదివితే బుర్ర ముందుకు పరిగెత్తి చెయ్యి తడబడుతుంది, చదవకండి, చూసి కుట్టండి, నమూనా ఎలా ఉంటే అలా, అనేవాడు మేస్త్రీ. ఆమె చూసి కుట్టేది. ఒంపు ఒంపులాగా, చుక్క చుక్కలాగా, పువ్వును కుట్టినట్టే అక్షరాన్నీ. ఏడేళ్ళలో ఒక్క కోటు వెనక్కి రాలేదు. ఆ పట్టీ కూడా నమూనాకు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. తేడా ఎక్కడంటే, ఆ రెండు చలికాలాల మధ్య ఇల్లు మారారు. రోడ్డు వెడల్పు చేస్తామని పాత వీధి సగం కూలగొట్టారు, ఊరికి ఈ చివర, ఈ ఇంట్లోకి వచ్చి నాలుగు నెలలు. సామాను మోసింది, పరదాలు కొలిచి కుట్టింది, అన్నీ కొత్త ఇంటికి తగ్గట్టు సర్దింది. ఆ ఒంపులూ చుక్కలూ ఒక ఇల్లని, ఆ ఇల్లు ఇక లేదని, ఆమె చేతికి తట్టలేదు. చేతికి ఏం తెలుసు? పట్టీ కుట్టావా చెల్లాయ్, అని అన్నయ్య అడిగాడు. కుట్టాను. అంతే. వాడు కాలరు తిప్పి చూడలేదు, చూడాల్సిన పనేముంది, ఆమె పనికి వంక పెట్టినవాడు లేడు.

మూడున్నర. కింద ఏదో కారు ఆగింది. కాదు, పాలబండి. అమ్మ తప్పిపోయింది ఆ ఏడు డిసెంబరు ఇరవై ఏడున, గురువారం. ఆమె షాపులో ఉంది, పిల్ల బడిలో. మూడో ఇంటి కోడలు జుట్టు విరబోసుకొని పరిగెత్తుకొచ్చిందట, పసివాడు గదిలో ఉండి లోపల్నుంచి తాళం పడిపోయింది, పాలు పొయ్యి మీద ఉన్నాయి, అన్నా తొందరగా రా అని. అన్నయ్య పెట్టె పట్టుకొని పరిగెత్తాడు. పది నిమిషాల్లో తలుపు తీశాడు, పసివాడిని తల్లి చేతిలో పెట్టాడు, టీ తాగి పొమ్మంటే మా అమ్మ ఒక్కతే ఉందమ్మా అని వెంటనే వచ్చేశాడు. వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. గడియ పైన అలాగే వేలాడుతోంది. ఆ సాయంత్రం నుంచీ ఇద్దరూ తిరిగారు, ఆసుపత్రులు, ఠాణాలు, ఈ చివరి వీధులన్నీ. పాత వీధి వాళ్ళకు తట్టలేదు, ఊరికి ఆ చివరన ఉంది, ఇంటి నుంచి వీధి మలుపు దాకా నడవలేని మనిషి అంత దూరం ఎలా పోతుంది? శనివారం పొద్దున కూల్చిన ఇళ్ళ దగ్గర కాపలా మనిషి చూశాడు. రేకుల చాటున ఇటుకల మీద కూర్చొని ఉందట, సంచి ఒళ్ళో పెట్టుకొని, ఎవరో తలుపు తీస్తారని ఎదురుచూస్తున్నట్టు. రెండు రోజులూ చలిగాలి, మధ్యలో వాన. మంచి కోటు గనక మొదటి రోజంతా ఆగి ఉంటుంది, అన్నాడు డాక్టరు. మంచి కోటు.

అయిదో రోజు బస్సు కండక్టరు వచ్చాడు. అన్నయ్య ఇంట్లో లేడు. మధ్యవయసు మనిషి, టోపీ చేతిలో పట్టుకొని గుమ్మంలోనే నిలబడ్డాడు, పేపర్లో చూశానమ్మా, అని కళ్ళద్దాల డబ్బా చేతికిచ్చాడు. పెద్దావిడ సీట్లో మరిచిపోయారు, దిక్కు తెలియనట్టు ఉంటే కాలరు వెనక అడ్రసు చదివాను, మన రూటే కదాని ఎక్కించుకొని సరిగ్గా ఆ వీధి మొదట్లో దించాను, చెయ్యి పట్టుకొని మరీ దించాను తల్లీ, వెళ్ళగలరా పెద్దమ్మా అంటే ఇదే మా ఇల్లు, నాకు తెలీదా, అని నవ్వారు. ఆయన టోపీని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చాడు. మీరు ఇక్కడుంటున్నా ఆవిడ ఇల్లు అదే, అడ్రసు సరైనదే కదమ్మా? నేను తప్పు చదవలేదు కదా? ఆమెకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు, మరుక్షణం అంతా అర్థమైంది, అయినా నోరు దాని పాటికి అది అంది. సరైనదేనండీ. మీ తప్పేం లేదు. ఆ రెండో మాట నిజం. ఆయన కళ్ళు తుడుచుకొని వెళ్ళిపోయాడు, ఆ తర్వాత నిద్రపట్టి ఉంటుంది ఆయనకు, పోనీ ఒక్కరికైనా.

ఆయన వెళ్ళాక కోటు తీసింది. ఇటుక ధూళి ఇంకా పోలేదు. కాలరు తిప్పి, పెట్టెలోంచి పాత ఇంటి అద్దె రసీదు తెచ్చి పక్కన పెట్టింది. రాత ఒకటే. పట్టీ కత్తిరించి తీసుకొని గుమ్మం బయటికి వెళ్ళి, తలుపు పక్కన ఉన్న రేకు పలక పక్కన పట్టుకొని చూసింది. మొదటి ఒంపే వేరు. చదువు రాని మనిషికి అదే మొదటి చదువు. గడియ వేయకపోతే అమ్మ వీధిలోకి పోయింది, నిజమే. పట్టీ మీద ఈ పలక రాత ఉంటే, పోయిన అమ్మ మధ్యాహ్నం అన్నం వేళకు ఇదే గుమ్మంలో, కండక్టరు చెయ్యి పట్టుకొని దిగి ఉండేది. టైలరమ్మా మా అమ్మాయి వచ్చిందా, అని అడిగి ఉండేది. పట్టీని సూదుల డబ్బాలో పెట్టి మూత బిగించింది. సాయంత్రం అన్నయ్య వచ్చి స్టూలు ఎక్కి గడియ ఊడదీశాడు, నూనె రాశాడు, మళ్ళీ బిగించాడు. మరునాడూ ఊడదీశాడు. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూ ఆమె స్టూలు పట్టుకొని నిలబడేది, పడిపోకుండా.

ఊరు ఊరుకుంటుందా? లోకానికంతా తాళాలు వేసేవాడు సొంతింటికి గడియ వేసుకోలేకపోయాడు, అని బండి దగ్గరే అన్నారు, వినపడేలా. చేసిన మేలు ఎవరికి గుర్తు, ఆ మూడో ఇంటి కోడలు కూడా తలొంచుకొని పోయేది. చుట్టాలు వచ్చి ఏడ్చి, పోతూ పోతూ, నువ్వు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సింది నాయనా అన్నారు. ఆమె అక్కడే ఉంది, అందరికీ టీ పోస్తోంది. ఒక్క మాట చాలు. కెటిల్లోంచి టీ వంపినట్టు వంపితే వచ్చే మాట. రాలేదు. వాడు బండి తీయడం మానేశాడు, తాళంచెవుల గుత్తులు గోడకు వేలాడదీశాడు, ఇంట్లో చప్పుడు ఆగిపోయింది. నెలన్నర తర్వాత, వేరే పట్నంలో తాళాల కార్ఖానాలో పని దొరికింది చెల్లాయ్, నాలుగు నెలలు చేసి వస్తా అన్నాడు. సంచి ఆమే సర్దింది. అడుగున ఆకురాళ్ళు గుడ్డలో చుట్టి, పైన రెండు చొక్కాలు, రొట్టె, అన్నిటికంటే పైన మఫ్లరు. రెండు చొక్కాల కాలర్ల లోపలా అడ్రసు కుట్టింది, ఈసారి తలుపు పలక ముందు స్టూలేసుకొని కూర్చొని, పలకను చూసి. వాడు చూసి చాన్నాళ్ళకు నవ్వాడు. నేనేమన్నా తప్పిపోయే ముసలమ్మనటే? పిల్ల వాడి కాలు పట్టుకొని వేలాడుతూ, మావయ్యా నాకు బొమ్మ తాళం తెస్తావా అంటోంది. బస్సు వచ్చింది. అన్నయ్యా, అని పిలిచింది. ఏంటన్నట్టు మెట్టు మీద నిలబడి తిరిగి చూశాడు. మఫ్లరు తీసి కట్టుకో, గాలి కొడుతుంది, అంది. కట్టుకున్నాడు. కండక్టరు ఈల వేశాడు.

ఒక కార్డు వచ్చింది, నెల తిరక్కముందే. చదివిపెట్టే దీపం ఊళ్ళో లేదు. పక్కింటివాళ్ళ చేత చదివించుకోవచ్చు, పిల్ల చేత కూడా కూడబలికించుకోవచ్చు, కానీ అందులో ఏముందోనని, వాడికి ఎలాగో తెలిసిపోయి నిలదీశాడేమోనని భయం. కార్డును కూడా రేకు డబ్బాలో పెట్టి, తనే చదువుకుందామనుకుంది. పిల్ల పలక మీద దిద్దింది, బొత్తాలు చుట్టి వచ్చే పేపరు ముక్కలు పోగేసింది, షాపు బోర్డులు, మందుసీసాల చీటీలు, సమాధి రాళ్ళు, ఏది కనబడితే అది. మొట్టమొదట పూర్తిగా చదవగలిగింది ఆ పట్టీనే. కార్డు చదవగలిగేసరికి ఎనిమిది నెలలు పట్టింది. చేరాను. గది చిన్నది, కిటికీ ఉంది. నీ మఫ్లరు పనికొచ్చింది. చెల్లాయ్, ఒకటే నన్ను తొలుస్తోంది, అమ్మ అంత దూరం ఆ పాత వీధికి ఎలా పోయింది? నీకేమైనా తెలిస్తే రాయించు. అయిదు వరసలు. ఆ రోజే రాసింది, వంకరటింకర అక్షరాలతో, ఆమె రాసిన మొదటి ఉత్తరం, దారం లేకుండా రాసిన మొదటి మాటలు. అన్నయ్యా తప్పు నాది. అది నెలకు వెనక్కి వచ్చింది, ఈ పేరు గల మనిషి ఇక్కడ లేడు అని అడ్డంగా రాసి. కార్ఖానాకు వెళ్ళి అడిగింది, రెండు నెలలే చేశాడమ్మా, మంచి పనివాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, అన్నారు. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళు, ఎన్ని తాళాల బళ్ళు. గుత్తుల చప్పుడు వినపడితే ఇప్పటికీ కాళ్ళు ఆగిపోతాయి. నలభై రెండేళ్ళుగా పుస్తకం తెరిచి కూర్చుంటే గ్రంథాలయం మేడమ్ మెచ్చుకుంటుంది, మా ఊళ్ళో మీ అంత చదివినవాళ్ళు లేరండీ పెద్దమ్మా, అని. ఎందుకు చదివిందో చెబితే కదా.

నాలుగుకు పది. బల్ల మీద రేకు డబ్బా పక్కన కూతురు రాసిచ్చిన కాగితం. అమ్మా, నువ్వు ఇది చూసి చదివితే చాలు, నీకు తడుముకోవడం ఉండదు, అని గుండ్రటి బడి అక్షరాలతో రాసింది. మా అమ్మ రెండు చేతులతో మమ్మల్ని పెంచింది. బాగుంది. పెద్దవాళ్ళ భద్రతకు మొదటి పాఠం తలుపు. సరే. మా అన్నయ్య మంచివాడే గానీ మతిమరుపు మనిషి, ఒక్క రోజు ఒక్క గడియ వేయకపోవడం వల్ల మా అమ్మను పోగొట్టుకున్నాం. ఆ వరస దగ్గర ఆమె వేలు ఆగిపోయింది, పొద్దుటినుంచీ అక్కడే ఆగుతోంది. చూసి చదివితే చాలు. చదవకండి, చూసి కుట్టండి. నమూనా ఎలా ఉంటే అలా. ఇన్నాళ్ళూ ఊరు ఇచ్చిన నమూనా పక్కన పెట్టుకొని అదే కుట్టింది, వెంట్రుకవాసి తేడా లేకుండా. పెన్ను తీసింది. ఆ వరస మీద ఒక గీత గీసింది, చాలదన్నట్టు ఇంకొకటి. కాగితం అడుగున ఖాళీ ఉంది. రాయడం మొదలుపెట్టింది. ఈ అక్షరాలు తను చదవగలిగినవి.

మెట్ల మీద డ్రిల్లు టీచరు అడుగులు, రెండేసి మెట్లు ఒకేసారి. "రెడీయేనా అమ్మా? అక్కడ అప్పుడే అమ్మమ్మలందరూ వచ్చేశారు, బేకరీ ఆంటీ దొంగ వేషం నేనేస్తా అని గొడవ చేస్తోంది. ఇదేంటి, కొట్టేశావు?"

"అది అబద్ధం."

"మావయ్య గడియ వేయలేదు కదా?"

"వేయలేదు." ఆమె రేకు డబ్బా మూత తీసింది. మూత బిగుసుకుపోయి ఉంది, గోళ్ళతో లాగింది. "ఇది అమ్మమ్మ కోటుది. చదువు."

కూతురు నిలబడే చదివింది. "ఇది... ఇది కూల్చేసిన ఇల్లు కదా." పట్టీని తిప్పి వెనకవైపు ముడులు చూసింది. కార్డు కూడా ఇచ్చింది ఆమె. అదీ చదివింది. కుర్చీ లాక్కొని కూర్చుంది.

"మావయ్యకు చెప్పలేదా?"

"వాడు అడిగాడు. నాకు చదవడం వచ్చేసరికి వాడు లేడు."

"ముందే చెప్పుండొచ్చు కదమ్మా. బస్సు ఎక్కేటప్పుడు."

"చెప్పుండొచ్చు."

కూతురు కార్డు తిప్పి తేదీ ముద్ర చూసింది. "ఇప్పుడు ఇదంతా అందరి ముందూ చెప్పాలా? వాళ్ళు పువ్వులు పట్టుకొని కూర్చున్నారే. నాతో చెప్పావు, చాలదా?"

"వాడిని అందరి ముందే కదే అన్నారు."

కూతురు లేచింది. మెచ్చుకోలేదు, క్షమించనూ లేదు, దానికి కాస్త సమయం పడుతుంది, పట్టనీ. పట్టీనీ కార్డునూ డబ్బాలో పెట్టి మూత నొక్కింది. ఆమె డబ్బాను తీసుకొని సంచి పక్క జేబులో, చప్పున చేతికి అందేచోట పెట్టింది. పొయ్యి మళ్ళీ చూసొచ్చింది. తలుపు లాగి తాళం వేసింది, పైన ఆ గడియ ఇప్పటికీ ఉంది, నూనె ఆరిపోయి. మెట్లు దిగి రోడ్డు దగ్గరికి వచ్చాక కారు అవతలి వైపు ఉందని తెలిసింది. కూతురు చెయ్యి చాచింది, ఆమె దాని మణికట్టు పట్టుకుంది, ఇద్దరూ రోడ్డు దాటారు. కారులో కూర్చున్నాక కూతురు బండి తీయకుండా, ఏం రాశావో చూడనీ అని కాగితం అడిగి తీసుకుంది. వంకర అక్షరాలు, కింద అంచు దాకా నెట్టుకొని వెళ్ళాయి.

మా అన్నయ్య ఆ రోజు ఒక పసివాడిని కాపాడడానికి వెళ్ళాడు. అమ్మ కోటు మీద తప్పు అడ్రసు కుట్టింది నేను. అమ్మ మూడో రోజు ఇంటికి వచ్చింది, నలుగురు మోసుకొస్తే. మా అన్నయ్య ఫిబ్రవరి పదకొండున, సోమవారం, పొద్దున ఆరూ నలభై బస్సుకు వెళ్ళాడు. నలభై రెండేళ్ళయింది. తిరిగి రాలేదు.